న్యాయవిద్యలో ఐచ్ఛిక విషయాలు – స్వతంత్ర పరిశోధన

ప్రతి సంవత్సరం వేసవిలో పరీక్షా ఫలితాలు వెలువడిన పిమ్మట, న్యాయశాస్త్రం చదువుతున్న మా పూర్వ విద్యార్థులు కొందరు మమ్ములను చూడవచ్చి ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటారు. "ఆప్షనల్ పేపర్లలో ఏది తీసుకుంటే మార్కులు బాగా వస్తాయి, సార్?" అన్నదే ఆ ప్రశ్న. తెలుగు బోధించుకొనే మా వంటి వారిని ఈ ప్రశ్న అడగడానికి కారణం మాకు న్యాయశాస్త్రం తెలియుననే నమ్మకం కాదు. వారి ఇళ్లలో వకీళ్లు లేరు. పుస్తకాలు అరువిచ్చి, దారి చూపి, కోర్టు ఆవరణకు వెంట తీసుకొనిపోయే బంధువులు లేరు. వారికి తెలిసిన చదువరులు తమ అధ్యాపకులే. కనుక ఈ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చడానికి మాకు మనసొప్పలేదు. తెలిసిన వారిని అడిగి, తీర్పులు తెప్పించుకొని చదివి, మేము గ్రహించినది ఇక్కడ వివరిస్తున్నాము.

ఒక అనుభవం మొదట చెప్పవలసి ఉన్నది. కొన్నేళ్ల క్రితం మా పూర్వ విద్యార్థి ఒకడు తన పరిశోధన వ్యాసాన్ని, భాషాదోషాలు సరిచూడవలసినదిగా, మాకు తెచ్చి ఇచ్చాడు. విషయం పర్యావరణ పరిరక్షణలో న్యాయస్థానాల పాత్ర. నలభై పుటలు. గంగానది గురించి ఉన్నది, తాజ్‌మహలు గురించి ఉన్నది, ఢిల్లీ బస్సుల గురించి ఉన్నది. విశాఖపట్నం అన్న మాట మాత్రం మొదటి పుటలో అతని చిరునామాలో తప్ప మరెక్కడా లేదు. ఆ పిల్లవాడి ఇల్లు పాతనగరంలో ఉన్నది. వారి డాబాపై ఆరవేసిన తెల్లబట్టలు సాయంత్రానికి నల్లని ధూళితో నిండిపోతాయని వాళ్ల అమ్మగారు చెప్పగా మేము ఎన్నోమార్లు విన్నాము. ఆ ధూళి ఎక్కడి నుండి వస్తున్నది, దానిని కొలిచే అధికారం ఎవరిది, ఫిర్యాదు ఎవరికి చేసుకోవాలి అన్న ముక్క ఆ నలభై పుటలలో లేదు. ఆ మాటే అడిగితే, అతడు కొంతసేపు ఊరకుండి, "అది కూడా రీసెర్చి అవుతుందా, సార్?" అన్నాడు.

అవుతుంది. అదే అసలైన పరిశోధన అవుతుంది. ఇది చెప్పడానికే ఈ వ్యాసం.

ఐచ్ఛిక విషయం అనగానేమి?

మన దేశంలో న్యాయవిద్య రెండు మార్గాల లభిస్తున్నది. డిగ్రీ పూర్తిచేసిన వారికి మూడేళ్ల కోర్సు, ఇంటర్మీడియట్ అయిన వారికి ఐదేళ్ల కోర్సు. వీటికి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్యా నియమాలు ఆధారం. ఆ నియమాల ప్రకారం రాజ్యాంగం, ఒప్పందాలు, నేరశాస్త్రం, కుటుంబ చట్టం, సాక్ష్యం, సివిల్ ప్రొసీజరు మొదలైనవి ప్రతివారూ చదవవలసినవి. దస్తావేజులు వ్రాయడం, వృత్తిధర్మం, రాజీమార్గాలు, మూట్ కోర్టు అనేవి చేతితో చేసి నేర్చుకొనేవి. వీటికి తోడు విద్యార్థి తన ఇష్టప్రకారం ఎన్నుకొనేవి కనీసం ఆరు. ఆనర్సు పట్టం కోరేవారికి మరి ఎనిమిది. రాజ్యాంగ చట్టం, వ్యాపార చట్టం, అంతర్జాతీయ వాణిజ్యం, నేరశాస్త్రం, అంతర్జాతీయ చట్టం, వ్యవసాయ చట్టం, మేధోసంపత్తి అన్న వర్గాల నుండి వీటిని ఎంచుకోవచ్చును. కాగితం మీద జాబితా పెద్దదే. కాని ఒక కళాశాలలో నిజంగా ఏవి బోధిస్తారన్నది అక్కడి అధ్యాపకులపై, గ్రంథాలయంపై, అడిగే విద్యార్థులపై ఆధారపడుతుంది. అడిగేవారు లేని విషయం జాబితాలోనే నిలిచిపోతుంది.

తప్పనిసరి విషయాలు అందరినీ ఒకే స్థాయికి తెస్తాయి. ఐచ్ఛిక విషయం విద్యార్థికి తనదైన ఒక దారి చూపిస్తుంది. ఒక సెమినార్ పేపరుగానో, డిసర్టేషనుగానో వచ్చే స్వతంత్ర పరిశోధన, ఆ దారిలో అతడు ఒంటరిగా నడవగలడా లేదా అన్నది తేలుస్తుంది. అంతకు ముందు చదివినదంతా ఇతరులు వేసిన ప్రశ్నలకు జవాబులే. ఇక్కడ ప్రశ్నను కూడా తానే వేసుకోవలసి ఉన్నది.

ఒక ఓడ చెప్పిన పాఠం

విశాఖ విద్యార్థికి ఇట్టి ప్రశ్నలు దూరాన వెదకనక్కరలేదు. మన ఓడరేవు 1933లో ప్రారంభమైనది. రేవులో నిలిచిన ఓడను మనమందరమూ చూస్తాము. ఆ ఓడ మీదనే దావా వేయవచ్చునని మాత్రం మనలో చాలామందికి తెలియదు.

1984లో ఎం.వి. ఎలిజబెత్ అనే ఓడ గోవాలోని మార్మగోవా రేవులో సరుకు ఎక్కించుకొని విదేశానికి బయలుదేరినది. సరుకు పంపిన గోవా కంపెనీ ఫిర్యాదు రెండు అంశాలది. సరుకు ముట్టినట్లు ఇవ్వవలసిన పత్రాలు ఇవ్వకుండానే ఓడ వెళ్లిపోయినది. కొనుగోలుదారు సొమ్ము చెల్లించలేదు గనుక సరుకు అప్పగించవద్దని కబురు చేసినా, అప్పగించినది. ఓడ యజమాని విదేశీయుడు. అతనికి ఇక్కడ ఇల్లు లేదు, వాకిలి లేదు. అతనిపై దావా వేసి గెలిచినా వసూలు చేసుకొనే వీలు లేదు. కాని కొద్ది నెలలలోనే అదే ఓడ మన విశాఖ రేవులోకి వచ్చినది. కంపెనీవారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించి దానిని ఇక్కడనే నిలుపుదల చేయించారు. యజమాని బ్యాంకు హామీ ఇచ్చి ఓడను విడిపించుకొని, అసలు ఈ కోర్టుకు ఆ అధికారమే లేదని వాదించాడు.

వాదం విచిత్రమైనదే గాని బలహీనమైనది కాదు. నౌకలపై న్యాయాధికారం మన దేశానికి బ్రిటిషు వారి 1890 నాటి చట్టం ద్వారా వచ్చినది. ఆ చట్టం ఇంగ్లండులోని 1861 నాటి చట్టానికి లోబడి ఉన్నది. ఆ పాత చట్టం దేశంలోకి వచ్చే సరుకు గురించి చెప్పినది గాని బయటకు పోయే సరుకు గురించి చెప్పలేదు. విశాఖ ఒకప్పుడు మద్రాసు హైకోర్టు పరిధిలోనిది. ఆ హైకోర్టు అధికారమే ఆంధ్ర హైకోర్టుకు వారసత్వంగా వచ్చినది. కనుక మద్రాసుకు లేని అధికారం ఆంధ్రకు ఎక్కడిదన్నది యజమాని ప్రశ్న.

సుప్రీంకోర్టు 1992లో జవాబు చెప్పినది. జస్టిస్ థొమ్మెన్ వ్రాసిన ఆ తీర్పు సారాంశం ఇది: మన హైకోర్టులు రాజ్యాంగబద్ధమైన ఉన్నత న్యాయస్థానాలు. వలస కాలపు చట్టం ఎక్కడ ఆగిపోయినదో అక్కడనే అవి శిలవలె నిలిచిపోనవసరం లేదు. అన్యాయం జరిగిన చోట పరిహారం చూపే సహజాధికారం వాటికి ఉన్నది. పార్లమెంటు ఈ విషయమై తగిన చట్టం చేయకపోవడాన్ని కూడా కోర్టు ఎత్తిచూపినది. లా కమిషన్ 1994లో ఈ అంశంపై తన 151వ నివేదిక ఇచ్చినది. ఎట్టకేలకు 2017లో అడ్మిరాల్టీ చట్టం వచ్చి, 2018 ఏప్రిల్ 1 నుండి అమలు జరిగినది. ఆ చట్టం పేర్కొన్న హైకోర్టులలో మనదీ ఒకటి.

పాఠకులు గమనించవలసినది ఏమనగా, ఈ వివాదంలో విజయం కేవలం వాగ్ధాటి వలన లభించినది కాదు. నూరేళ్ల నాటి చట్టాలు ఏవి, అవి ఏ దారిన మనకు వచ్చాయి, ఇంగ్లండులోనే అవి తరువాత ఎట్లు మారాయి అని వెదకి తీయకపోతే ఆ వాదం నిలిచేది కాదు. ఆ వెదకులాటకే పరిశోధన అని పేరు. 2025లో పార్లమెంటు 1856 నాటి బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టానికి, 1925 నాటి సముద్ర రవాణా చట్టానికి, 1908 నాటి ఓడరేవుల చట్టానికి, 1958 నాటి నౌకా వాణిజ్య చట్టానికి బదులు కొత్త చట్టాలు చేసినది. వీటిపై తీర్పులు ఇంకా పెద్దగా రాలేదు. నేటి విద్యార్థికి పెద్దలతో సమానంగా మొదటి వరుసలో కూర్చొనే అవకాశం ఇంతకంటె మరొకటి దొరకదు.

గాలి, భూమి, శ్రమ

ఓడరేవు ఒక్కటే కాదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం వద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుమంది ప్రాణాలు కోల్పోయారు. జాతీయ హరిత న్యాయస్థానం తనంతట తానుగా విషయం చేపట్టి, 50 కోట్ల రూపాయలు జమచేయవలసినదిగా కంపెనీని ఆదేశించినది. దీని వెనుక ఉన్న సూత్రాన్ని 1985లో ఢిల్లీలో జరిగిన వాయు ప్రమాదం తరువాత, 1986 డిసెంబరులో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించినది. ప్రమాదకరమైన పదార్థాలతో వ్యాపారం చేసేవాడు, తన అజాగ్రత్త లేకున్నా, జరిగిన నష్టానికి పూర్తి బాధ్యుడు. దానికి మినహాయింపులు లేవు అన్నది ఆ సూత్రం. కాని 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్సు చట్టం చేసిన నాడు ప్రాణానికి నిర్ణయించిన తక్షణ సహాయం 25,000 రూపాయలు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఒక్కొక్క మృతుని కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించినది. చట్టం చెప్పిన మొత్తానికీ, ప్రభుత్వం ఇచ్చిన మొత్తానికీ మధ్య ఇంత దూరమెందుకు? ప్రభుత్వ దయపై ఆధారపడని హక్కుగా బాధితునికి దక్కేది ఎంత? ఇది ఒక డిసర్టేషనుకు చాలిన ప్రశ్న.

బొర్రా గుహల వైపు వెళితే మరొక ప్రశ్న. అనంతగిరి ప్రాంతపు గిరిజన గ్రామాలలో గిరిజనేతరులకు గనుల లీజులు ఇవ్వడాన్ని సమత అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేసినది. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్లినది. 1997 జూలై 11న వెలువడిన మెజారిటీ తీర్పు ఆ లీజులు చెల్లవన్నది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం సైతం తన భూమిని గిరిజనేతరులకు ఇవ్వరాదని నిర్ణయించినది. ఆ తీర్పులో కీలకమైనది 1959 నాటి భూబదలాయింపు నిబంధనలోని 'వ్యక్తి' అన్న ఒక్క పదం. ఆ పదంలో ప్రభుత్వం చేరుతుందా, చేరదా అన్నదే వాదం. ఒక పదానికి అర్థం చెప్పడంలో ఎన్ని గ్రామాల బ్రతుకు ఇమిడి ఉన్నదో భాష చదివే మా వంటి వారికి ఈ తీర్పు బాగుగా బోధపరిచినది.

ఇక ఉక్కు కర్మాగారం. 1971లో శంకుస్థాపన జరిగిన ఈ కర్మాగారానికి భూములిచ్చిన కుటుంబాల పునరావాసం, కాంట్రాక్టు కార్మికుల హోదా, 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన నాలుగు కార్మిక స్మృతుల ప్రభావం – ఇవన్నీ కార్మిక చట్టాన్ని ఐచ్ఛికంగా తీసుకొనే వారి కొరకు ఎదురుచూస్తున్న విషయాలు. రేవు ముఖద్వారాన మూడు కొండలపై దర్గా, వేంకటేశ్వరాలయం, మేరీమాత గుడి ఒకదానికొకటి కనిపిస్తూ ఉంటాయి. దర్గాల వంటి వక్ఫు ఆస్తులకు 1995 నాటి చట్టం, దానికి 2025లో వచ్చిన సవరణ ఉన్నవి. దేవాలయాల ఆస్తులకు 1987 నాటి దేవాదాయ చట్టం ఉన్నది. ధార్మిక ఆస్తుల చట్టాన్ని సరిపోల్చి చదువగోరే వానికి ఇంతకు మించిన ఊరు ఉండదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.

పరిశోధన ఎట్లు చేయాలి?

మొదటిది, విషయం వేరు, ప్రశ్న వేరు. 'కార్మిక చట్టాలు' అన్నది విషయం. 'కాంట్రాక్టు కార్మికుడు ప్రమాదంలో గాయపడితే పరిహారం కాంట్రాక్టరు ఇవ్వాలా, కర్మాగారం ఇవ్వాలా?' అన్నది ప్రశ్న. విషయానికి నలభై పుటలు నింపవచ్చును. ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉంటుంది.

రెండవది, మూలాలు. చట్టం మూలపాఠం, తీర్పు మూలపాఠం చదవక, గైడులో ఉన్న సంగ్రహం చదివి వ్రాసేది పరిశోధన కాజాలదు. తీర్పులో ఓడిన పక్షం వాదాన్ని కూడా చదవాలి. భిన్నాభిప్రాయం వ్రాసిన న్యాయమూర్తి ఉన్నచో దానిని విడువరాదు. ఒకప్పుడు లా రిపోర్టులు కొనగలవారికే ఇది సాధ్యమయ్యేది. 2023 నుండి సుప్రీంకోర్టు తన తీర్పుల సంపుటాలను ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంచినది. కొన్ని తీర్పులు తెలుగులో కూడా లభిస్తున్నాయి. పుస్తకం లేదన్న సాకు ఇక చెల్లదు.

మూడవది, కాగితం దాటి మనిషి వద్దకు వెళ్లడం. చట్టం ఏమి చెప్పుచున్నదో ఒక మార్గాన తెలుస్తుంది. అది వీధిలో ఎట్లు జరుగుచున్నదో తెలియడానికి వేరొక మార్గం కావాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద పదిరూపాయల రుసుముతో ఒక దరఖాస్తు పెట్టి ప్రభుత్వ కార్యాలయం నుండి లెక్కలు తెప్పించుకోవచ్చును. బాధితులను కలిసి మాట్లాడవచ్చును. అయితే వారి పేర్లు బయటపెట్టకుండుట, వారి అంగీకారం పొందుట పరిశోధకుని ధర్మం. నియమాల ప్రకారం మూడేళ్ల కోర్సు వారికి కనీసం పన్నెండు, ఐదేళ్ల కోర్సు వారికి ఇరవై వారాల ఇంటర్న్‌షిప్ ఉన్నది. ఆ కాలాన్ని సంతకాల కొరకు గాక తమ ప్రశ్నను వెంటబెట్టుకొని గడిపితే వ్యాసానికి కావలసిన సామగ్రి సగం అక్కడనే సమకూరుతుంది.

నాల్గవది, నిజాయితీ. ఇతరుల వాక్యాలు తనవిగా చూపడం దొంగతనమే. యు.జి.సి. 2018లో దీనిపై ప్రత్యేక నియమాలే చేసినది. శిక్ష సంగతి అటుంచి, కాపీ చేసినవాడు పోగొట్టుకొనేది ఏమిటో ఆలోచించాలి. వకాల్తా పుచ్చుకొన్న నాడు కక్షిదారు కష్టం ఏ పుస్తకంలోనూ యథాతథంగా ఉండదు. అప్పుడు కాపీ చేయడానికి ఏమీ దొరకదు.

రెండు భాషల తాళపుచెవి

మన విద్యార్థులకు మాత్రమే ఉన్న ఒక సౌకర్యాన్ని గురించి ఇక్కడ చెప్పక తప్పదు. తెలుగునాట కోర్టు భాషను పరిశీలిస్తే వకీలు, దావా, వాయిదా, జామీను, జప్తు, ఫిర్యాదు, దస్తావేజు, నకలు – ఇవన్నీ అరబ్బీ పారశీకాల నుండి వచ్చి తెలుగులో స్థిరపడిన మాటలే. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని 1966లో లక్షల గొంతులు పలికిన నినాదంలోని 'హక్కు' సైతం అరబ్బీ పదమే.

కొన్ని మాటలు దారిలో అర్థం మార్చుకొన్నాయి. తెలుగులో ముద్దాయి అనగా నేరం మోపబడినవాడు. ఉర్దూలో ముద్దయీ అనగా దావా వేసిన వాది. తెలుగులో రాజీనామా అనగా ఉద్యోగం వదులుకొనే పత్రం. ఉర్దూలో అది ఇరుపక్షాలు సమాధానపడిన ఒడంబడిక. పాత నికానామానో, వక్ఫునామానో, నిజాము కాలపు భూమి కాగితమో చేతికి వచ్చినప్పుడు ఈ తేడా తెలియనివాడు వాదిని ప్రతివాదిగా చదివే ప్రమాదమున్నది. రెండు భాషలు తెలిసినవాడు చదవగలిగినది ఒక్క భాష తెలిసిన గొప్ప న్యాయవాది చదవలేడు. మన పిల్లలు తమ వెనుకబాటుగా భావించుకొనేదే నిజానికి వారి చేతిలోని తాళపుచెవి. తెలుగు, ఉర్దూ న్యాయపదాలను సరిపోల్చే ఒక చిన్న పదకోశం ఎవరైనా విద్యార్థి పరిశోధనగా చేపట్టితే మా చేతనైన సహాయం చేయడానికి సిద్ధంగా ఉన్నాము.

ఒక మనవి

విశాఖలో న్యాయవిద్యకు కొరత లేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ న్యాయ కళాశాల ఉన్నది. 2008లో ఏర్పడిన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం సబ్బవరంలో ఉన్నది. అది పేదరికం నుండి వచ్చి, న్యాయశాస్త్రం చదివి, రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్యగారి పేరు ధరించి ఉన్నది. కొరత ఉన్నదల్లా, అక్కడికి వెళ్లే ముందు మన పిల్లలకు ప్రశ్న వేయడం అలవాటు చేయడంలో. కనుక మన కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది: గ్రంథాలయంలో ముఖ్య చట్టాల మూలపాఠాలకు ఒక అలమర, వారానికి ఒక గంట తీర్పుల పఠనం, న్యాయవాదులైన పూర్వ విద్యార్థులతో ఏడాదికి రెండు సమావేశాలు ఏర్పాటు చేయండి. దీనికయ్యే ఖర్చు ఒక వార్షికోత్సవ పందిరి ఖర్చుకు మించదు.

నల్లని ధూళి గల ఇంటి పిల్లవాడు తన వ్యాసాన్ని తిరిగి వ్రాశాడు. ఈమారు పదునాలుగు పుటలే. వాయు కాలుష్య నివారణకు 1981లో వచ్చిన చట్టం, తాను పెట్టిన సమాచార దరఖాస్తు, దానికి వచ్చిన జవాబు, జవాబులో చెప్పక వదిలివేసిన సంగతి, తమ వీధిలోని పదకొండు ఇళ్లవారి మాటలు – ఇవి అందులో ఉన్నవి. భాషాదోషాలు మునుపటి కంటె ఎక్కువగానే ఉన్నవి, మేము దిద్ది ఇచ్చాము. మార్కులు ఎన్ని వచ్చాయని మేము అడగలేదు, అతడూ చెప్పలేదు. ఆ తరువాత ఒకనాడు వచ్చి, పొరుగు వీధివారు కూడా దరఖాస్తు వ్రాసిపెట్టమని తనను అడుగుతున్నారని మాత్రం చెప్పాడు.

విద్యార్థులారా, ఏ పేపరు తీసుకోవాలన్న మీ ప్రశ్నకు మా జవాబు ఇదే. మీ వీధిలో జవాబు లేని ప్రశ్న ఏది ఉన్నదో చూడండి. దానికి దగ్గరగా ఉన్న పేపరును తీసుకోండి.